బెడ్‌రూమ్ గోడకు నల్ల బూజు: రంగు వేయించే ముందు నీళ్లు ఎక్కడివో చూడండి

గోడకు నల్లగా బూజు పట్టింది, పాపకు దగ్గు తగ్గడం లేదు, బ్లీచింగ్ నీళ్లతో కడిగి రంగు వేయిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. ముందు పాప పడకను ఈ రాత్రికే వేరే గదిలోకి మార్చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గోడ సంగతి కూడా చెప్పండి.

మాది కాకినాడ. వానలు మొదలైతే గాల్లోనే చెమ్మ. ఆస్తమా ఉన్న మా అత్తయ్య గదిలో బీరువా వెనక గోడంతా నల్ల చుక్కలు. అందరూ వానల వల్లే అన్నారు. మేస్త్రీ మాత్రం అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయమన్నాడు. ఫాయిల్ వెనక తడి చేరితే నీరు గోడలోంచి వస్తున్నట్టు, పైన చేరితే గదిలో గాలి చెమ్మ. మాకు వెనకే తడి. గోడకు అవతల బాత్రూమ్! టైల్స్ సందుల్లో సిమెంటు పోయి, స్నానం నీళ్లు గోడలోకి దిగుతున్నాయి. సందులు గ్రౌట్‌తో పూడ్పించి, గోడ పూర్తిగా ఆరాకే పుట్టీ, రంగు వేయించాం. ఆరడానికే ఎక్కువ కాలం పట్టింది. ఆ ఓపిక పట్టకపోతే రంగు పొక్కులు లేచి ఊడిపోతుంది.

మీకు అవతల బాత్రూమ్ లేకపోతే డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయేమో, కుళాయిలన్నీ కట్టేసినా నీళ్ల మీటరు తిరుగుతోందేమో (అంటే పైపు ఎక్కడో కారుతోందేమో) చూడండి. నేల దగ్గర తెల్ల పొడి రాలుతుంటే అది ఉప్పు కావచ్చు. నీటి చుక్క వేస్తే కరిగిపోతుంది, బూజు కరగదు.

ఇక శుభ్రం చేయడం. పొడి గోడను చీపురుతో, గరుకు కాగితంతో అస్సలు గీకకండి, బూజు రేణువులు ఇల్లంతా లేస్తాయి. ఫ్యాన్ ఆపి, తలుపు మూసి, కిటికీ తెరవండి. ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని సబ్బు నీళ్లతో తడిపి తుడవండి. ఆ గుడ్డను కవర్లో మూట కట్టి పారేయండి. బూజు పట్టిన దిండ్లు, పరుపు ఉంచుకోవద్దు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మించి పాకి ఉంటే పనివాళ్లకు అప్పగించడం మేలు.

బ్లీచింగ్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. దాన్ని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అమోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపొద్దు. మామూలు బూజుకు అసలు బ్లీచ్ అవసరం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా దాన్ని అలవాటుగా వాడమని చెప్పదు.

బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. ఆ గదిలో తడి బట్టలు ఆరేయకండి. తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అందులో 60 శాతం దాటకుండా చూసుకోండి. అద్దె ఇల్లయితే తుడిచే ముందే ఫోటోలు తీసి ఓనర్‌కు పంపండి. ఫాయిల్ పెట్టాక ఏ వైపు తడి వచ్చిందో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.