ప్రసాదం సంగతి వేరు, ఆ నోటుపుస్తకం సంగతి వేరు

ఉత్తరం: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లై పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. మావారు రొయ్యల చెరువు కౌలుకు చేస్తారు. నేను ఇంట్లో లేసులు అల్లుతాను. నాలుగేళ్ల క్రితం మా బాబుకి జబ్బు చేసినప్పుడు చర్చికి వెళ్లడం మొదలుపెట్టి, తర్వాత బాప్తిస్మం తీసుకున్నాను. ఆయన వద్దనలేదు. మొన్న వరలక్ష్మీ వ్రతం రోజు మాత్రం నేను గదిలోంచి బయటికి రాలేదు. అత్తయ్య ఒక్కరే అన్నీ చేసుకుని, ప్రసాదం తెచ్చి గుమ్మం దగ్గర పెడితే తీసుకోలేదు. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. నాకు లేసు నేర్పింది ఆవిడే. ఇప్పుడు కంట్లో శుక్లాలొచ్చి సూది పక్కన పెట్టేశారు. ఇంతలో, చర్చి కట్టడానికి నేనిచ్చిన డబ్బు రాసుకున్న నోటుపుస్తకం మావారి కంటపడింది. మొత్తం పద్నాలుగు వేలు. కొంత నా లేసు డబ్బు, కొంత ఇంటి ఖర్చుల్లో మిగిల్చింది. అత్తయ్య కంటి ఆపరేషన్ డబ్బుల్లేక వాయిదా వేస్తుంటే ఇలా చేశానని ఆయన కోపం. 'ఇక చర్చి మానెయ్' అంటున్నారు. విశ్వాసికి శ్రమలు తప్పవని సంఘంలో ధైర్యం చెబుతున్నారు. దేవుణ్ణి నమ్ముకున్నందుకేనా నాకీ శ్రమలు?

జవాబు: అమ్మా, మీరు ప్రసాదాన్నీ నోటుపుస్తకాన్నీ ఒకే మూట కట్టి దానికి శ్రమలని పేరు పెట్టారు. ముందు ఆ మూట విప్పాలి.

ప్రసాదం చిక్కు కొత్తదేం కాదు. బైబిలు కాలంలో కొరింథు అనే ఊరి క్రైస్తవ సంఘంలోవాళ్లు దీని మీదే కొట్టుకున్నారు. అపొస్తలుడు పౌలు వాళ్లకి రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం ఒకసారి కూర్చుని చదవండి. విగ్రహం వట్టిదేనని ఒకచోట అంటాడు. గుడి విందులో కూర్చుంటే బలహీనుడైన సోదరుడు పడిపోతాడని ఇంకోచోట. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఏమీ అడక్కుండా తినమంటాడు, ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దంటాడు. అన్నిచోట్లా ఆయన చూపు ఎదుటి మనిషి మీదే. మీరు తిననందుకు నేను తప్పు పట్టను. అది మీ మనస్సాక్షి సంగతి, సంఘానికో పద్ధతి కూడా ఉంది. నాకు బాధ కలిగించింది ఆ గుమ్మం. ఒక పెద్దావిడ సరిగ్గా చూపు ఆనకపోయినా గిన్నె పట్టుకుని గది దాకా నడిచి వచ్చింది. లోపల్నుంచి ఒక్క మాట కూడా రాలేదు.

మా అమ్మ చర్చి మనిషే. పాలకొల్లులో మా పక్కింటివాళ్లు దసరాకి పులిహోర పంపేవారు. అమ్మ గుమ్మంలోనే ఎదురెళ్లి, గిన్నె రెండు చేతులా అందుకుని, "వదినగారూ, కూర్చోండి" అనేది. ఆ పులిహోర మేం తిన్నామా లేదా అన్నది ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని అందులో అరటిపళ్లో కొబ్బరికాయో పెట్టేది. మళ్లీ క్రిస్మస్‌కి మా అరిసెలు వాళ్లింటికి వెళ్లేవి. అమ్మ విశ్వాసం గురించి ఆ వీధిలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

బైబిల్లో నయమాను అనే సిరియా సేనాధిపతి ఉన్నాడు. కుష్టు నయమయ్యాక ఇశ్రాయేలు దేవుణ్ణే సేవిస్తానని మొక్కుకున్నాడు. వెంటనే ఒక సందేహం అడిగాడు. మా రాజు నా చేయి ఆనుకుని మా దేశపు దేవుడు రిమ్మోను గుడిలో మొక్కుతాడు, నేనూ వంగక తప్పదు, దాన్ని యెహోవా క్షమిస్తాడా అని. ఎలీషా ప్రవక్త ఉపన్యాసం ఇవ్వలేదు, మనసు నెమ్మది చేసుకుని వెళ్లమన్నాడు. ఈ మాట చెబితే మీ పాస్టరుగారు నా మీద కోప్పడతారేమో, పర్లేదు. మిమ్మల్ని పూజలో కూర్చోమని నేననడం లేదు. వచ్చే శ్రావణంలో వారం ముందే అత్తయ్యగారి దగ్గరికెళ్లి, "పీట మీద కూర్చోలేను, మిగతాదంతా నేను చూస్తాను" అని చెప్పండి. ఇల్లు కడగండి, పప్పు నానబెట్టండి, వచ్చిన పేరంటాళ్లకి మంచినీళ్లివ్వండి. తెల్లారి గది తలుపు వేసుకోవడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

ఇక నోటుపుస్తకం. ఇక్కడ మాత్రం గట్టిగానే చెబుతాను.

మీ లేసు డబ్బు మీ కష్టార్జితం. దానిలోంచి ఇచ్చుకోండి, ఆయనకి తెలిసేలా ఇచ్చుకోండి. ఇంటి ఖర్చులో మిగిల్చింది అలాంటిది కాదు. అది ఇద్దరిదీ. ఈ ఏడాది రొయ్యకి ధర ఉంటుందో లేదో తెలియక, వైరస్ వస్తుందేమోనని రాత్రుళ్లు చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషిది కూడా. దాన్ని చెప్పకుండా ఇచ్చి, రాసుకుని దాచారు. దాచాల్సి వచ్చినప్పుడే మీకూ అనుమానం తగిలి ఉంటుంది.

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను అనే మాట వస్తుంది. తల్లిదండ్రులకి ఉపయోగపడాల్సింది దేవుడికి అర్పణ అనేసి, ఇక వాళ్లకేమీ చేయనక్కర్లేదనుకునేవాళ్ల మీద యేసు కోప్పడిన సందర్భం అది. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు లెక్కగా ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లని ఆయన తిట్టింది మత్తయి 23వ అధ్యాయంలో ఉంది. చర్చి గోడ నెల ఆగినా లేస్తుంది. శుక్లం ముదిరేకొద్దీ ఆవిడకి రోజూ అవస్థే.

కాబట్టి ఒక సాయంత్రం, పిల్లలు పడుకున్నాక, ఆ పుస్తకం మీరే ఆయన ముందు పెట్టండి. ఏది లేసు డబ్బు, ఏది ఇంటి డబ్బు, గీత గీసి చూపించండి. ఇంటి డబ్బుకి క్షమాపణ అడగండి. అక్కడ వాక్యాలు చెప్పొద్దు. ఇచ్చింది తిరిగి ఇమ్మని చర్చిలో అడక్కండి, అప్పు చేసి పూడ్చకండి. వచ్చే నెలల లేసు డబ్బులోంచి కొద్దికొద్దిగా సర్దండి. పాస్టరుగారికి కూడా జరిగింది చెప్పండి, భర్తకి తెలియకుండా తెచ్చిన కానుక అని తెలిస్తే మంచి కాపరి ఎవరైనా వద్దనే అంటాడు. శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. ముందు అక్కడ చూపించండి.

చర్చి మానమని ఆయన అన్నది కోపంలో అన్న మాట. మానక్కర్లేదు. నాలుగేళ్లు వద్దనని మనిషి ఇప్పుడు ఎందుకన్నాడో మీకూ తెలుసు. నమ్మని భర్త మీతో కాపురం చేయడానికి ఇష్టపడితే విడవొద్దని పౌలు ఆ కొరింథు పత్రికలోనే ఏడో అధ్యాయంలో రాశాడు. ఆ ఇష్టం ఇంకా ఉంది కాబట్టే ఆయన కోప్పడుతున్నాడు. ఆదివారం నాడు వంట ముగించి, చెప్పి వెళ్లి రండి.

ఇంకొక్కటి. మీ చేతిలో ఉన్న లేసు పని 1840ల్లో మిషనరీల ఇళ్ల ఆడవాళ్లు ఈ డెల్టాలో నేర్పింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అది మీ చేతికి చేరింది మాత్రం చర్చి నుంచి కాదు, వ్రతం చేసుకునే మీ అత్తగారి చేతుల మీదుగా. రేపు మధ్యాహ్నం దారపు ఉండ తీసుకుని ఆవిడ కూర్చునే అరుగు మీదికే వెళ్లండి. గొలుసు కుట్లు పైకి లెక్కపెడుతూ అల్లండి. మధ్యలో ఒకచోట తప్పితే, "ఇక్కడ ఎన్ని వదలాలత్తయ్యా?" అని అడగండి. మొదటిరోజు పలక్కపోవచ్చు. మర్నాడూ అక్కడే కూర్చోండి.