స్టూల్ రిపోర్టులో ఈస్ట్ సెల్స్: ఫంగస్ మందు వేసుకోవాలా?

మోషన్స్ అవుతుంటే చేయించిన స్టూల్ టెస్టులో ఈస్ట్ సెల్స్ అని వచ్చిందని, మెడికల్ షాపులో ఫంగస్ మందు ఇచ్చారని, వేసుకోవాలా అని అడిగారు. ఆ ఈస్ట్ చాలావరకు మీరు మింగినదే అయ్యుంటుంది. యాంటీబయాటిక్‌తో పాటు బౌలార్డీ సాచెట్ వాడుతున్నా అని రాశారు కదా, అది పెరుగులో ఉండే బ్యాక్టీరియా కాదు, బతికున్న ఈస్ట్, అంటే ఫంగస్ జాతే, మైక్రోస్కోపు కింద మామూలు ఈస్ట్ సెల్స్‌లాగే కనిపిస్తుంది. అది వాడకపోయినా కాండిడా అనే ఇంకో ఈస్ట్ చాలామంది పేగుల్లో ఉండేదే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను ఊడ్చేస్తే ఇంకాస్త పెరుగుతుంది.

1. అందరూ మర్చిపోయేది ఇదే: శాంపిల్ ఇచ్చేటప్పుడు ల్యాబ్‌లో, రిపోర్టు చూపించేటప్పుడు డాక్టరుకి సాచెట్ సంగతి చెప్పాలి. మందుల చీటీ వేరే క్లినిక్‌ది అయితే అది కూడా పట్టుకెళ్లండి, ఎందుకంటే చెప్పకపోతే రిపోర్టులో ఆ ఒక్క లైను చూసి ఎవరైనా ఫంగస్ అనే అనుకుంటారు.

2. ఉప్పల్‌లో మెడికల్ షాపతను ఇచ్చిన ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు) పక్కన పెట్టండి. అది బౌలార్డీ మీద కూడా పనిచేయొచ్చు, రెండూ కలిపి వాడితే సాచెట్ డబ్బులు దండగ కావొచ్చు.

3. మోషన్స్ ఇంకా నీళ్లలా రోజుకు 3 సార్లు లేదా అంతకంటే ఎక్కువ అవుతుంటే సి. డిఫిసిల్ (యాంటీబయాటిక్ వాడాక విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) టాక్సిన్ టెస్ట్ గురించి డాక్టరుని అడగండి. మామూలు స్టూల్ టెస్టులో అది తేలదు.

కాండిడా ఉంటే సాల్మొనెల్లా (విరేచనాలు తెచ్చే ఇంకో బ్యాక్టీరియా) రెచ్చిపోతుందని చదివి టెన్షన్ పడ్డానని కూడా రాశారు. ఎలుకల్లో అది నిజమే, కాండిడా వదిలే ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని వాడుకుని సాల్మొనెల్లా పేగు గోడలోకి ఇంకా చొరబడుతుంది, కానీ మనుషులకు దాన్ని బట్టి మందు రాసే దశ ఇంకా రాలేదు.

ఓఆర్‌ఎస్ ఆపొద్దు. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.