తాడు నా చేతిలో, కుక్క వాళ్లది, కరిస్తే డబ్బులెవరు కట్టాలి?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే అండి. మాది భీమవరం పక్కన పల్లె. పశువుల డాక్టరు గారి క్లినిక్‌లో హెల్పర్‌గా చేసి ఇప్పుడు సొంతంగా కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్తున్నానండి, అదీ భయపడేవి, వేరే కుక్కని చూస్తే మీదకి ఉరికేవి, అందుకని ఒకసారికి ఒక్కదాన్నే. ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో జర్మన్ షెపర్డ్ ఉంది, వాళ్లబ్బాయి కొనిచ్చి అమెరికా వెళ్లిపోయాడు, ఈ వయసులో వాళ్లు దాన్ని పట్టలేరు. మొన్న పొద్దున్నే కాలవగట్టు మీద వెళ్తుంటే ఊరకుక్కలు మీదకొచ్చాయి, ఇది బెదిరిపోయి సైకిల్ మీద రొయ్యల చెరువు దగ్గరికి వెళ్తున్నాయన పిక్క పట్టేసింది. ఆయన అరవై వేలు ఇవ్వకపోతే స్టేషన్‌కి వెళ్తానంటున్నాడు. మాస్టారేమో తాడు నీ చేతిలోనే ఉంది కదా నువ్వే చూసుకో అని ఈ నెల డబ్బులు కూడా ఆపేశారు. ఆ తర్వాత వాళ్ల పనమ్మాయి చెప్పింది, పోయినేడాది పాలబ్బాయిని కూడా కరిచిందంట. నాకెవరూ చెప్పలేదండి. కాగితం రాసుకోలేదు, అంతా వాట్సాప్‌లోనే. నేను జైలుకి వెళ్లాల్సొస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ జైలు భయం తీసేయండి. కుక్క కరిచిన కేసుల్లో పోలీసులు మామూలుగా పెట్టేది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291, పాత ఐపీసీలో 289 అనేవాళ్లం, 2024 జూలై 1 నుంచి నంబరు మారింది. మన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ తీవ్రగాయానికి గానీ ప్రమాదం ఉండొచ్చని తెలిసో, నిర్లక్ష్యంగానో సరిపడా జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది బెయిలబుల్ సెక్షన్, అంటే అరెస్ట్ చేసినా బెయిల్ మీ హక్కు, స్టేషన్‌లోనే అడగొచ్చు. దీనికి తోడు నిర్లక్ష్యంతో గాయం చేశారని సెక్షన్ 125 కూడా కలపొచ్చు, మామూలు గాయమైతే అందులోనూ 6 నెలలు, 5,000, అదే తీవ్రగాయమైతే 3 ఏళ్ల దాకా, 10,000 దాకా. తీవ్రగాయం అంటే రక్తం ఎక్కువ కారడం కాదమ్మా, ఎముక విరగడం, ముఖం శాశ్వతంగా పాడవడం, లేదా 15 రోజుల పాటు మనిషి తన పనులు తాను చేసుకోలేనంతగా బాధపడటం, ఇలా చట్టంలో లిస్టు ఉంది. అందుకని ఆయన ఎక్కడ చూపించుకున్నారో, డాక్టరు గాయం గురించి ఏం రాశారో అది ముఖ్యం, నాలుగు రోజుల్లో మళ్లీ చెరువు పనికి వెళ్లిపోతే తీవ్రగాయం అనడం కష్టం.

ఇప్పుడు మీ అసలు డౌటు, తాడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదేనా బాధ్యత అని. సగం నిజం. సెక్షన్ 291లో ఓనర్ అన్న మాట లేదు, స్వాధీనం అనే ఉంది, ఆ టైముకి కుక్క మీ స్వాధీనంలో ఉంది కాబట్టి మిమ్మల్ని అడుగుతారు, ఇది మీరు ఒప్పుకోవాలి. కానీ మిమ్మల్ని అడిగేది "మీకు తెలిసినంతలో సరిపడా జాగ్రత్త తీసుకున్నారా" అని. బాడీ హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేశారా ఉత్త మెడపట్టీయేనా, తాడు ఎంత పొడవు, జనం పల్చగా ఉండే టైమే చూసుకున్నారా, ఊరకుక్కలు కనపడగానే వెనక్కి తిరిగారా, ఇవన్నీ ఇప్పుడే కూర్చుని ఒక కాగితం మీద తారీఖు, టైము, చోటు వేసి రాసుకోండి, వారం పోతే మనకే కలగాపులగం అయిపోతుంది. ఆ రోజు వాడిన హార్నెస్, తాడు ఉతక్కుండా అలాగే పక్కన పెట్టండి, తాడు క్లిప్పు ఊడిందా తెగిందా మీరు వదిలారా అనేది రేపు అడిగే మొదటి ప్రశ్న.

మాస్టారి సంగతికొస్తే నాకు నిజంగా కోపం వచ్చింది. పాలబ్బాయిని కరిచిన సంగతి దాచిపెట్టి ఒక ఆడపిల్ల చేతికి తాడు ఇవ్వడం పెద్ద తప్పు, మర్యాదపరంగానే కాదు, చట్టపరంగా కూడా. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అందులో బెయిల్‌మెంట్ అని ఒక చాప్టర్ ఉంది (జైలు బెయిల్‌కీ దీనికీ సంబంధం లేదు), మన వస్తువు ఒక పని కోసం ఇంకొకరికి అప్పగించి పనయ్యాక తిరిగి తీసుకోవడం. టైలర్‌కి బట్ట ఇచ్చినట్టు. చట్టం లెక్కలో కుక్క కూడా చరాస్తే, వినడానికి బాధగా ఉన్నా అంతే, కాబట్టి వాకింగ్‌కి అప్పగించడానికీ ఇది వర్తిస్తుంది. సెక్షన్ 150 ఏమంటుందంటే, అప్పగించే వాళ్లు తమకి తెలిసిన లోపం, తీసుకునే వాళ్లని మామూలు కన్నా ఎక్కువ ప్రమాదంలో పడేసే లోపం ఏదున్నా చెప్పి తీరాలి, చెప్పకపోతే దానివల్ల నేరుగా తీసుకున్న వాళ్లకి జరిగే నష్టం అప్పగించిన వాళ్లదే. కరిచే అలవాటు కన్నా పెద్ద లోపం ఏముంటుంది. మీరు చెరువాయనకి ఏమైనా కట్టాల్సి వస్తే అది మాస్టారి దగ్గర వసూలు చేసుకునే దారి ఇదే. మీ వైపు డ్యూటీ సెక్షన్ 151, సొంత వస్తువుని మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత, దానికి మించి అడగరు.

ఇంకోటి, చెరువాయన నేరుగా మాస్టారి మీదే సివిల్‌గా వెళ్లొచ్చు. కరిచే బుద్ధి ఉందని తెలిసి కుక్కని ఉంచుకున్న ఓనరు, నేను జాగ్రత్తగానే ఉన్నాను అంటే తప్పించుకోలేడు అనేది కోర్టులు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం. పనమ్మాయి మాట ఒక్కటే సరిపోదు, ఆమె కోర్టుదాకా వస్తుందని ఆశపడొద్దు కూడా, ఆమె ఉద్యోగం పోతుంది. పాలబ్బాయి ఎవరో కనుక్కోండి, అప్పుడు ఇంజెక్షన్లు ఎక్కడ చేయించుకున్నాడో ఆసుపత్రి చీటీ ఉంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మాస్టారికి మీరు మర్యాదగా ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: "మాస్టారూ, పోయినేడాది పాలబ్బాయిని కరిచిన విషయం నాకు ముందే చెప్పలేదు కదండీ" అని. ఆయన దానికి ఏం రాసినా, ఏమీ రాయకపోయినా అది రికార్డే. పాత చాట్లు ఒక్కటీ డిలీట్ చేయొద్దు, ఆ ఫోన్ మార్చొద్దు, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో వాటిని కోర్టులో పెట్టొచ్చు. కాగితం లేదని దిగులు పడకండి, నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, నెలనెలా ఫోన్‌పేలో వచ్చిన డబ్బులే రుజువు.

అరవై వేల గురించి. ఆ మనిషికి దెబ్బ తగిలింది, అది నిజం, ఆయన్ని శత్రువులా చూడకండి. అసలు ముందు చూడాల్సింది ఆయన ప్రాణం. సబ్బుతో 15 నిమిషాలు కడిగారా, రేబిస్ ఇంజెక్షన్ల కోర్సు మొత్తం పూర్తి చేస్తున్నారా, రక్తం వచ్చేలా పన్ను దిగితే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే వేరే ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి, అది ఇచ్చారా అని మీరే వెళ్లి అడగండి. ఒక డోసు వేయించుకుని తగ్గిపోయిందిలే అని వదిలేసేవాళ్లు మనవైపు చాలామంది. కుక్క టీకా కార్డు ఫోటో మాస్టారి దగ్గర తీసుకోండి, కుక్కని 10 రోజులు కట్టడిలో గమనించమనండి, పశువుల డాక్టరుతో బాగానే ఉందని రాయించండి. ఇక డబ్బు అంటారా, మందుల బిల్లులు, పోయిన కూలి, తిరుగుడు ఖర్చు, నొప్పికి న్యాయంగా కొంత, ఇవి లెక్క కట్టి ఇవ్వాలి తప్ప రౌండు ఫిగరు కాదు. ముగ్గురూ కూర్చోండి, మాస్టారు లేకుండా మీరొక్కరే కూర్చోవద్దు. ఇచ్చేది బ్యాంకు ద్వారా ఇచ్చి, వైద్య ఖర్చుల కింద ముట్టింది అని రసీదు రాయించుకోండి, తప్పు నాదే అని మాత్రం ఎక్కడా సంతకం పెట్టకండి. ఇది తొందరగా చేయమనడానికి కారణం ఉంది, 291 రాజీ చేసుకునే సెక్షన్ల జాబితాలో లేదు, ఒకసారి ఎఫ్ఐఆర్ పడ్డాక మీరూ ఆయనా కలిసిపోయామన్నా కింది కోర్టు దాన్నిబట్టి కేసు కొట్టేయడానికి వీల్లేదు, హైకోర్టుకి వెళ్లి క్వాష్ (కేసునే రద్దు) చేయించుకోవాలి, ఆ ఖర్చు మీరు భరించలేరు.

ఆపేసిన నెల జీతం మీ హక్కు. నష్టం ఎవరిదో తేలకుండా ఆయనంతట ఆయన కోసేసుకోవడం కుదరదు, ముందు ఒక నోటీసు పంపండి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని ఆయన బెదిరించొచ్చు, మీది డబ్బు తీసుకుని చేసే సర్వీసే కాబట్టి వెళ్లగలరు కూడా, కానీ లోపం దాచిపెట్టిన మనిషి అక్కడ ఏం చెప్పుకుంటారో చూద్దాం.

ఇకముందు కొత్త కుక్కని తీసుకునేటప్పుడు ఒక్క పేజీ చాలు: ఇంతకుముందు ఎవరినైనా, దేన్నైనా కరిచిందా, దేనికి బెదురుతుంది, టీకా ఎప్పుడు వేయించారు, చెప్పింది తప్పయితే నష్టం ఓనరుది, కింద సంతకం. కరిచిన చరిత్ర ఉంటే బుట్టలా అల్లినట్టుండే మజిల్ (కరవకుండా మూతికి పెట్టేది) అలవాటు చేశాకే బయటికి తీసుకెళ్లండి, అందులో కుక్క నోరు తెరిచి వగర్చగలదు, నీళ్లు తాగగలదు, నోరు బిగించేసే గుడ్డ మజిల్ మన ఎండల్లో ప్రమాదం. పెంపుడు కుక్కలన్నిటికీ మజిల్ వేయాల్సిందే అని అపార్ట్‌మెంట్ల వాళ్లు పట్టుబట్టకూడదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే చెప్పింది, కానీ కరుస్తుందని తెలిశాక మీరు వేయకపోతే సరిపడా జాగ్రత్త తీసుకున్నానని చెప్పుకోలేరు. ఎవరైనా ఓనరు రెండు తగిలించి లొంగదీయమ్మా అంటే ఒప్పుకోకండి, 1960 జంతు హింస నిరోధక చట్టం కింద కొట్టినవాళ్లది కూడా నేరమే, పైగా బెదిరిన కుక్క దెబ్బలతో ఇంకా బెదురుతుంది, అది మీకే బాగా తెలుసు.

లాయరుకి డబ్బుల్లేవని ఆగొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం తరఫున ఉచితంగా లాయర్ని ఇస్తారు, భీమవరం కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ రాసుకున్న కాగితం, వాట్సాప్ చాట్ల ప్రింట్లు, ఫోన్‌పే లెక్కలు, టీకా కార్డు ఫోటో పట్టుకెళ్లండి.