పార్సిల్ మీద ఎక్కువ సుంకం కట్టేశాం, వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నా వయొలిన్‌కు ఆస్ట్రియా నుంచి తీగల సెట్టు తెప్పించుకున్నాను, ధర 62 యూరోలు. పార్సిల్ తెచ్చిన అబ్బాయి తీగల ఖరీదును మించిన సుంకం అడిగాడు. ఇంట్లో పిల్లలకు పాఠం నడుస్తోంది, ఏమీ తోచక ఫోన్‌లో కట్టేశాను. తర్వాత చూస్తే కొరియర్ కాగితంలో 620 యూరోలని ఉంది. ఫోన్ చేస్తే, అది కస్టమ్స్ వాళ్లు వేసింది, మాకు సంబంధం లేదంటున్నారు. నెల కావస్తోంది, వదులుకోవాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వదులుకోవద్దమ్మా, అది మీ డబ్బు. టెన్షన్ పడాల్సిన పని లేదు గానీ ఆలస్యం మాత్రం చేయకండి, ఎందుకో చెబుతాను.

ముందు కొరియర్ వాళ్లను మీ పేరు మీద వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ (వచ్చిన వస్తువు ధర, సుంకం లెక్క చూపుతూ కస్టమ్స్‌లో దాఖలు చేసే కాగితం) కాపీ అడగండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. అది చేతిలో లేకపోతే ఏ ఆఫీసులోనూ మీ మాట వినరు. వచ్చాక అమ్మినవాళ్ల ఇన్‌వాయిస్ పక్కన పెట్టి చూడండి. ఇన్‌వాయిస్‌లో 62 ఉండి బిల్లులో 620 పడితే అది టైపింగ్ పొరపాటే, మీ పని సులువు. ఇన్‌వాయిస్‌లోనే 620 ఉంటే మాత్రం అమ్మినవాళ్ల దగ్గర ఉత్తరం రాయించుకుని, మీ ఖాతా నుంచి ఎంత పోయిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. నేరుగా రీఫండ్ దరఖాస్తు పెట్టేస్తారు, కొన్ని నెలలు తిరిగాక 'ముందు లెక్క మార్పించుకుని రండి' అని వెనక్కి వస్తుంది. సుంకం లెక్కగట్టిన ఉత్తర్వు మారకుండా రీఫండ్ ఇవ్వడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కస్టమ్స్ చట్టం 149, 154 సెక్షన్ల కింద బిల్లు సవరించమని, పొరపాటు దిద్దమని మొదట అడగండి. పార్సిల్ విడుదలయ్యే నాటికే ఉన్న కాగితాలతో రుజువు చూపాలి, మీ ఇన్‌వాయిస్ అలాంటిదే. వాళ్లు కాదంటే కమిషనర్ (అప్పీల్స్) దగ్గరకు వెళ్లాలి, దానికి గడువు సుంకం లెక్కగట్టిన ఆ ఉత్తర్వు అందిన రోజు నుంచి 60 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు ఇవ్వొచ్చు గానీ దాన్ని నమ్ముకోకండి. మీకు నెల గడిచిపోయింది కదా, అందుకే తొందరపెడుతున్నాను.

దరఖాస్తు తిరుపతిలో ఇస్తే పని జరగదు. పార్సిల్ ఏ ఎయిర్‌పోర్టులో దిగి సుంకం పడిందో అక్కడి అసిస్టెంట్ లేదా డిప్యూటీ కమిషనర్‌కే వెళ్లాలి, ఆ ఊరు బిల్లు మీదే ఉంటుంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

సుంకం కట్టిన రోజు నుంచి ఏడాదిలోగా 27వ సెక్షన్ కింద రీఫండ్ అడగాలి. సొంత వాడకానికి తెప్పించుకున్నారు కాబట్టి ఆ భారం ఇంకొకరి మీద వేయలేదని రుజువు చేసే బాధ మీకు లేదు. దరఖాస్తు అందాక మూడు నెలలు దాటితే వడ్డీ కూడా ఇవ్వాలి. కొరియర్ వాళ్లు వేసుకున్న సర్వీసు చార్జీని మాత్రం కస్టమ్స్ ఇవ్వదు. తప్పు కొరియర్‌దే అయితే వాళ్లనే అడగండి, పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి.

ప్రశ్న: మనవడి పుట్టినరోజుకు మా అమ్మాయి అమెరికా నుంచి బొమ్మలు పంపింది. పెట్టె మీద గిఫ్ట్ అని రాసినా సుంకం వేశారు. 5 వేల లోపు గిఫ్టుకు సుంకం లేదంటారు కదా?
- ఒక తాతయ్య, చిత్తూరు

జవాబు: అది పాత మాట సార్. 2019 డిసెంబరులో నిబంధన మారింది. ప్రాణరక్షక మందులకు, రాఖీకి తప్ప (రాఖీతో పాటు పెట్టే కానుకలకు కూడా కాదు) గిఫ్ట్ పేరుతో విడిపించుకునే దారి లేదు, పూర్తి సుంకం కట్టాల్సిందే. గిఫ్ట్ అన్న కారణం మీద రీఫండ్ రాదు, దాని కోసం తిరగకండి. అయితే వేసిన ధర చూడండి, అసలు ధరకన్నా ఎక్కువ వేసి ఉంటే పైన చెప్పినట్టు అడగొచ్చు. ఈసారి పంపేటప్పుడు ఒక్కో బొమ్మ ధర విడిగా రాసి, కొన్న బిల్లు లోపల పెట్టమని అమ్మాయికి చెప్పండి. పోస్టులో వస్తే పెట్టె మీది కస్టమ్స్ లేబుల్ చింపి పారేయకండి.