మాయ మాత్రలు మింగొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది, ఇప్పుడు ఎనిమిదో నెల, కాన్పుకి నేనే వెళ్తున్నాను. తన స్నేహితురాలు ఎవరో బిడ్డ పుట్టాక మాయని (అదే, బిడ్డ వెనకాల బయటికొచ్చే ప్లాసెంటాని) ఎండబెట్టించి, పొడి కొట్టించి మాత్రలుగా మింగిందట, పాలు బాగా పడ్డాయట, నీరసం గానీ దిగులు గానీ రాలేదట. మాదీ అదే పట్టు పట్టింది. నాకు వింటేనే కడుపులో తిప్పింది. 'జంతువులన్నీ తింటాయి కదమ్మా' అంటుంది. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, కావలి

జవాబు: వద్దనే చెప్పండమ్మా. కాకపోతే కడుపులో తిప్పుతోందంటే అది వినదు, అసలు కారణాలు చెప్పండి.

ముందు పాల సంగతి. మాయ లోపలున్నన్నాళ్ళూ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది, పాలు ముందే పడకుండా ఆపేది అదే. మాయ బయటికొచ్చి ఆ హార్మోన్ పడిపోయాకే పాలు పడతాయి, మాయ ముక్క ఏదైనా గర్భసంచిలో ఉండిపోతే పాలు ఆలస్యం కావడం కాన్పులు చేసే డాక్టర్లు చూస్తూనే ఉంటారు. అలాంటిదాన్ని పాల కోసం మళ్ళీ మింగడమేమిటో నాకైతే అర్థం కాదు. నీరసం, దిగులు అంటారా, లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం వాళ్ళు 27 మంది బాలింతల్లో కొందరికి మాయ మాత్రలు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూస్తే, మనసు స్థితిలో గానీ ఒంట్లో ఐరన్‌లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

లాభం లేకపోతే పోనీ, నష్టం కూడా ఉంది. 2016లో ఒరెగాన్ రాష్ట్రంలో ఒక పసిబిడ్డకి రక్తంలో గ్రూప్ బి స్ట్రెప్ అనే బాక్టీరియా చేరింది. వైద్యం చేసి ఇంటికి పంపితే కొద్ది రోజుల్లోనే అదే జబ్బు తిరగబెట్టింది. ఆరా తీస్తే తల్లి మాయ మాత్రలు వాడుతోంది, వాటిలోనూ అదే బాక్టీరియా దొరికింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో ఈ కేసు బయటపెట్టి, ఆ మాత్రలు వద్దని చెప్పింది. సూక్ష్మజీవులు చచ్చేంత వేడి చేశారో లేదో చూసే ప్రమాణమంటూ ఏదీ లేదు. డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో మాయని ఇంటికి తీసుకెళ్ళడానికి 2015లో చట్టమే చేశారు, మీ అమ్మాయి అది చూపించి వాదించొచ్చు. తీసుకెళ్ళొచ్చు అంటుంది ఆ చట్టం, తినమని కాదు.

ఇక జంతువులు. అన్నీ తినవు, ఒంటె తినదు. మన వైపు గేదె ఈనితే రైతు పక్కనే కాచుకుని కూర్చుని, తింటే పాలు తగ్గుతాయని మాయని లాగేసి మర్రిచెట్టుకి కట్టడం మీరు చూసే ఉంటారు! మనుషుల్లో చూస్తే, 2010లో పరిశోధకులు 179 సమాజాల వివరాలు వెతికారు, తల్లి తన మాయని తినడం ఆచారంగా ఒక్కచోట కూడా కనిపించలేదు. చైనాలో ఎండిన మాయ పొడిని మందుగా వాడేవారన్నది నిజమే, 2015లో అక్కడి అధికారిక మందుల పుస్తకంలోంచి తీసేశారు.

మీరు వెళ్ళేటప్పుడు శొంఠిపొడి, వెల్లుల్లి కారం, నువ్వులు పట్టుకెళ్ళండి (పాలసొర చేప పిట్టు అక్కడ కుదరదులెండి). పాలు పెరగాలంటే బిడ్డని రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు రొమ్ముకి పట్టించాలి. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్ళు వేసుకోవాలి. దిగులు రెండు వారాలు దాటినా, బిడ్డని చూడబుద్ధి కాకపోయినా అమ్మాయిని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మన దగ్గరివాళ్ళయితే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

ప్రశ్న: మాయని పెరట్లో గొయ్యి తీసి పాతాలని మా అత్తగారు, ఇవ్వం అని ఆసుపత్రివాళ్ళు. పాతకపోతే బిడ్డకి కీడా?
- ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఏ కీడూ లేదు. ఆసుపత్రి వ్యర్థాల మీద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం మాయ పసుపు రంగు చెత్త సంచిలోకి వెళ్ళాలి, తర్వాత కాల్చేస్తారు లేదా లోతుగా పూడుస్తారు. అత్తగారితో గొడవెందుకు, బొడ్డు ఎలాగూ ఇంట్లోనే ఊడుతుంది, దాన్ని తాయెత్తులో పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. ఊడేదాకా మాత్రం దాని మీద పసుపు, ఆముదం, బూడిద ఏదీ రాయనివ్వకండి.