నేల అద్దంలా ఉంది సరే, రాత్రి ఎవరుంటారు?

మీరు అడిగింది ఇది. అత్తగారికి 78 ఏళ్లు, తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత మంచం దిగడం లేదు, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లక తప్పదు. పాలకొల్లు వైపు పన్నెండు మంచాల చిన్న నర్సింగ్ హోమ్ ఒకటి చూసి వచ్చారు. నేల అద్దంలా ఉంది, అందరూ మర్యాదగా మాట్లాడారు, చేర్చవచ్చా అని. నేల సంగతి పక్కన పెట్టండి. మా నాన్నను నేను మొదట చేర్చిన చోట కూడా నేల అద్దంలాగే ఉండేది.

నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నేను తణుకులో బడి పంతులమ్మను, తమ్ముడు కువైట్‌లో ఉంటాడు. మూడు నెలలు ఇంట్లోనే చూసుకున్నాను. నా నడుము పట్టేసి నన్నే ఇంకొకరు లేపాల్సిన పరిస్థితి వచ్చాక ఒక చోట చేర్చాం. ఆ పేరు చెప్పను. పద్నాలుగు మంచాలు, నెలకు 18,000 రూపాయలు, డైపర్లూ మందులూ వేరే. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు వెళ్లేదాన్ని. ఎప్పుడు వెళ్లినా నాన్న స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, నుదుట విభూతితో, ఘుమఘుమలాడే పౌడరు వాసనతో ఉండేవారు. మురిసిపోయి, తెచ్చిన అరటిపళ్లు అందరికీ పంచి ఇంటికి వచ్చేదాన్ని.

ఆరో వారంలో ఒక మంగళవారం, పెళ్లికి వెళ్లి తిరిగి వస్తూ చెప్పకుండా దిగాను. ఏడు కూడా కాలేదు, దీపాలన్నీ ఆర్పేశారు. రాత్రి భోజనం అయిదున్నరకే పెట్టేశారట. పద్నాలుగు మందికీ ఒకే ఒక్క ఆయా. నాన్న మంచం కాళ్ల దగ్గర అట్టకు ఒక కాగితం వేలాడుతూ ఉండేది, రెండు గంటలకోసారి ఏ పక్కకు తిప్పారో రాసే పట్టిక. ఎడమ, వెల్లకిల, కుడి, ఎదురుగా సంతకాలు. చేర్చిన రోజు ఆ పట్టికను చూసే నేను సంబరపడ్డాను. ఆ సాయంత్రం ఫోను వెలుగులో చదివితే, రాత్రి పది గంటలకూ పన్నెండుకూ తెల్లవారుజామున నాలుగుకూ కూడా అప్పటికే సంతకాలు పడి ఉన్నాయి. ఆయా సాయంతో నాన్నను పక్కకు తిప్పాను. నడుము కింద ఎముక పైకి తేలే చోట రూపాయి బిళ్లంత పుండు, దాని మీద దట్టంగా పౌడరు. ఆదివారాల్లో నేను మురిసిన ఘుమఘుమ అదే.

ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

అందుకని నేను ఎవరు అడిగినా ముందు పడక పుండ్ల గురించే మాట్లాడతాను, వినేవారికి విసుగు పుట్టినా సరే. అవి కొన్ని గంటల్లోనే మొదలు కావచ్చు, కానీ చాలావరకు ముందుగా చెప్పే వస్తాయి. చర్మం కందినట్టుగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే మామూలు చర్మం ఒక్క క్షణం పాలిపోయి మళ్లీ రంగు తేలుతుంది. పాలిపోకుండా కందినట్టే ఉండిపోతే లోపల పాడవడం మొదలైనట్టు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత సులభంగా తెలియదు, చుట్టుపక్కల కంటే నల్లగానో ఊదాగానో కనిపిస్తుంది, చేతికి వేడిగా లేదా గట్టిగా తగులుతుంది. నడుము కింద ఎముక, మడమలు, తుంటి పక్కలు, తల వెనక భాగం చూడాలి. మడమలను అందరూ మరిచిపోతారు. మీ అత్తగారికి తుంటికే ఆపరేషన్ అయింది కాబట్టి ఆ పక్కకు తిప్పడానికి భయపడి రోజంతా వెల్లకిలా వదిలేసే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏ పక్కకు ఎలా తిప్పవచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరు చేత రాయించుకుని ఇవ్వండి.

గాలి పరుపు వేస్తాం, తిప్పనక్కరలేదు అని ఎవరైనా అంటే నమ్మవద్దు. పరుపు ఒత్తిడి తగ్గిస్తుంది, మనిషిని తిప్పదు. పైగా కరెంటు పోతే దాని పంపు ఆగిపోతుంది, కాసేపటికి మనిషి నేరుగా చెక్క మీద పడుకున్నట్టే. మన డెల్టా ఉక్క సంగతి మీకు తెలిసిందే. చెమటకు, తడిసిన డైపరుకు నానిన చర్మం తడికాగితంలా చిరిగిపోతుంది. అందుకే జనరేటరు ఉందా అని అడగడంతో ఆగకుండా, ఒకసారి వేసి చూపించమనండి.

ఇక రాత్రి లెక్క. పన్నెండు మందిలో ఎంతమంది తమంతట తాము పక్కకు తిరగలేరో అడగండి. ఆరుగురు అనుకుందాం. ఒకరిని తిప్పి, డైపరు మార్చి, దుప్పటి సరిచేయడానికి ఇద్దరు మనుషులకు పది నిమిషాలు. ఆరుగురికి గంట. రెండు గంటలకోసారి ఆ గంట మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఒకరు దగ్గుతారు, ఒకరు దాహమంటారు, ఒకరు లేచి గుమ్మం దాటబోతారు. కాబట్టి రాత్రికి ఒకే మనిషి ఉంటే, ఆమె ఎంత మంచిదైనా ఆ పని జరగదు. ఒంటరిగా తిప్పబోతే లాగాల్సి వస్తుంది, లాగితే చర్మం రాసుకుపోతుంది. పగలు ఎంతమంది పనివాళ్లున్నారో వాళ్లే గొప్పగా చెబుతారు, మీరు రాత్రి సంగతే అడగండి. చెప్పిన జవాబును రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి సరిచూసుకోండి.

ఇంకొక ప్రశ్న నాకు చాలా పనికి వచ్చింది. పోయిన సంక్రాంతికి భోగి, పండుగ, కనుమ మూడు రోజులూ ఇక్కడ ఎవరు పనిచేశారు? గోదావరి జిల్లాల్లో ఆ మూడు రోజులు మనిషి దొరకడం ఎంత కష్టమో మనకు ఒకరు చెప్పాలా! పేర్లు చకచకా చెప్పారంటే పనివాళ్లు నిలిచి ఉన్నారన్నమాట. నసిగారంటే అర్థం చేసుకోండి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు ఉన్నాయి, కాస్త ఓపిక ఉన్న ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్లిపోతారు. ఆయాకు జీతం సరిగ్గా ఇవ్వని చోట ఎవరు మిగులుతారు? నాన్న మొదట ఉన్న చోట ఆరు వారాల్లో నలుగురు ఆయాలు మారారు. నాన్నకు నీళ్లు గబగబా తాగిస్తే పొలమారుతుందని నలుగురికీ నాలుగు సార్లు చెప్పాను.

పొలమారడం చిన్న విషయంలా కనిపిస్తుంది. మంచంలో ఉన్నవారికి తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. భోజనం వేళకు వెళ్లి నిలబడి చూడండి. కూర్చోబెట్టి పెడుతున్నారా, పడుకోబెట్టే నోట్లో కుక్కుతున్నారా? తిన్నాక కనీసం అరగంట కూర్చోనిస్తున్నారా? వంట ఎలా ఉందో చూడనక్కరలేదని కాదు గానీ, ముద్ద పెట్టే చెయ్యి ఎంత నెమ్మదిగా కదులుతుందో అది ముఖ్యం. పగలు పదకొండింటికి హాలంతా గాఢ నిద్రలో ఉంటే మాత్రం, ఏ మాత్ర ఎవరు రాశారని అడగండి. నిన్నటిదాకా బాగా మాట్లాడినవారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, వయసు మీద పడిందని తీసిపారేయకుండా మూత్ర పరీక్ష చేయించాలి. పెద్దవారిలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కొన్నిసార్లు అలా బయటపడుతుంది.

సెలైన్ గురించి ఒక మాట. నీరసంగా ఉంటే ఒక సీసా ఎక్కించడం మన ప్రాంతంలో ఆచారంలా తయారైంది, మనమే అడిగి మరీ ఎక్కించుకుంటాం. మామూలు సెలైన్ అరలీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్న ముసలివారికి అది ఆయాసం తెప్పించగలదు. డాక్టరు చూడకుండానే సీసా వేలాడదీసే చోటును నేను మంచి చోటుగా లెక్కపెట్టను.

కాగితాల విషయం త్వరగా ముగిస్తాను. నర్సింగ్ హోమ్ అని బోర్డు పెట్టి వైద్యం చేస్తుంటే 2002 నాటి రాష్ట్ర చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం చూపించమనండి. అదే వృద్ధాశ్రమమైతే, ఒక నర్సు ఉన్నంత మాత్రాన అది ఆసుపత్రి అయిపోదు. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే ఎవరికి ఫోను చేస్తారు, ఏ వాహనంలో, ఏ ఊరు తీసుకెళ్తారు అన్నది ముందే తెలియాలి. మోసం, నిర్లక్ష్యం కనబడితే వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. గోదావరి గట్టుకు దగ్గరలో ఉంటే 2022 జూలై వరదలప్పుడు ఏమి చేశారో కూడా అడగండి.

నాన్నను తర్వాత చేర్చిన చోటు కోనసీమలో ఒక పాత మండువా ఇల్లు. ఎనిమిది మంచాలు. సున్నం రాలిపోతూ ఉండేది, దోమలు విపరీతం, తెరలు నేనే కొని ఇచ్చాను. నడిపే ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యారు, నోరు కాస్త దురుసు. చేర్చిన పదో రోజు ఉదయం ఆవిడే ఫోను చేసి, మీ నాన్నగారు రాత్రి మంచం మీద నుంచి జారారు, దెబ్బ తగల్లేదు, తప్పు మాదే, మంచం పక్క కమ్మీ పైకి లేపలేదు, ఈ రోజు నుంచి ఇలా చేస్తున్నాం అని చెప్పారు. నేను పట్టరాని కోపంతో ఫోను పెట్టేశాను. సాయంత్రానికి గాని, వాళ్లు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదన్న విషయం తట్టలేదు. పద్నాలుగు నెలలు నాన్న అక్కడే ఉన్నారు, అక్కడే పోయారు. ఒంటి మీద కొత్త పుండు ఒక్కటి లేదు. ఆయా ఒకామె ఆవకాయ ముక్క పక్కకు తీసేసి, ఊట మాత్రం నెయ్యితో కలిపి మెత్తగా పిసికి పెట్టేది. నాన్నకు అది లేకపోతే ముద్ద దిగదని ఆమెకు నేను చెప్పలేదు.

కాబట్టి మీరు చూసి వచ్చిన చోట ఈ ఒక్కటి అడగండి. ఇక్కడ చివరిసారి ఎవరు పడ్డారు, అప్పుడు ఏమి చేశారు? ఇక్కడ ఎవరూ పడరండీ అన్నారంటే లేచి వచ్చేయండి.

మీ అత్తగారి గురించి ఇంకొకటి. మంచం దిగడం లేదన్నారు. దిగవద్దని డాక్టరు అన్నారా, ఆవిడకు భయమా, లేక లేపేవారు లేరా? తుంటి ఆపరేషన్ అయినవారిని చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే వాకరుతో నిలబెడతారు. ఫిజియోథెరపిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారో, ఆ ఖర్చు నెల ఫీజులో ఉందో లేదో తేల్చుకోండి. అది లేకపోతే మీరు కొంటున్నది మంచం మాత్రమే.

చేర్చే రోజున ఆవిడ నడుము కింద, మడమలు, తుంటి ఫోటోలు తీసి, తేదీతో సహా వాళ్ల రిజిస్టరులో రాయించి సంతకం తీసుకోండి. మొదటి చోట నేను పుండు చూపించి గొడవపడితే, అది ఇంటి నుంచే వచ్చిందమ్మా అన్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.