వాతావరణమా, శీతోష్ణస్థితా?

సందేహం: తిరుపతి విస్తరణ ప్రణాళిక వేసేటప్పుడు ‘పట్టణ వాతావరణ పరిశోధన’ ఫలితాలనూ చూడమని మా కాలనీ తరఫున కార్పొరేషన్‌కు వినతిపత్రం రాస్తున్నాం. ‘వాతావరణం’ తప్పు, ‘శీతోష్ణస్థితి’ అనాలని మాలో ఒకరి పట్టు. ఏది సరి? ‘ఉష్ణద్వీపం’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ‘వాతావరణం’ తప్పు మాట కాదు. కానీ మీ పనికి అది చాలదు. వాతం అంటే గాలి. భూమిని ఆవరించిన గాలిపొర వాతావరణం. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర పెద్ద రాడార్‌తో ఆకాశాన్ని పరిశీలించే సంస్థ పేరులో ఆ మాట ఈ అర్థంలోనే ఉంది. వాడుకలో అది ఈరోజు ఎండా, రేపు వానా అని చెప్పే మాట కూడా అయింది. రోడ్డు ఎంత వెడల్పుండాలో, ఏ చెరువును పూడ్చకూడదో రేపటి వానను చూసి నిర్ణయించరు కదా! ఏళ్ల తరబడి ఎండ, వాన, గాలి నడిచిన తీరు చూడాలి. దీనికి 30 ఏళ్ల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. మన పాఠ్యపుస్తకాలు దాన్నే శీతోష్ణస్థితి అంటాయి. పేరులో చలి, వేడి మాత్రమే ఉన్నా వాన, గాలి, తేమ అన్నీ అందులోకి వస్తాయి. కాబట్టి మీ మిత్రుడి మాటే నాకు నచ్చింది. ‘వాతావరణ మార్పు’ మాత్రం పత్రికల్లో స్థిరపడిపోయింది, దాన్ని దిద్దే పని పెట్టుకోకండి. తిరుపతి కార్పొరేషన్ గనుక ‘పట్టణ’ బదులు ‘నగర’ అనండి.

ఇక ఉష్ణద్వీపం. చుట్టుపక్కల పల్లెల కన్నా నగరం ఎక్కువ వేడిగా ఉండడాన్ని ఇలా అంటారు. ఒకే వేడి ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీతలు గీస్తే, నగరం చుట్టూ అవి ద్వీపం ఆకారంలో మూసుకుంటాయి. పేరు అలా వచ్చింది. పటం చూడని వాళ్లకు మాత్రం ద్వీపమంటే నీళ్లే గుర్తొస్తాయి. ‘ఉక్క’ అందామంటే దానికి తేమ ఉండాలి, గాలి ఆడకూడదు. ఇక్కడ సరిగ్గా అతికే మాట ‘సెగ’. పగలంతా ఎండను తాగిన సిమెంటు, తారు రాత్రి దాన్ని మెల్లగా వదులుతాయి. ‘గోడలు సెగ కొడుతున్నాయి’ అని మన ఇళ్లల్లో అనేది దీన్నే. పల్లెకూ నగరానికీ తేడా ఎక్కువగా తెలిసేది రాత్రిపూట. ఇంగ్లండ్‌కు చెందిన వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవర్డ్ లండన్ గురించి 200 ఏళ్ల కిందటే ఈ సంగతి రాశాడు. ఉష్ణద్వీపం అని ఒక్కసారి రాసి, పక్కనే ‘నగరంలో రాత్రి కూడా తగ్గని సెగ’ అని వివరించండి.

‘పరిశోధన’ అని ఊరుకుంటే అధికారులు చదివి పక్కన పెట్టేస్తారు. ఏం కొలవాలో రాయండి. కొండల మధ్య లోయలో ఉన్న జర్మనీ నగరం స్టుట్‌గార్ట్ 1938 నుంచే ఈ పనికి నిపుణులను పెట్టుకుంది. రాత్రి కొండల మీద నుంచి చల్లగాలి దిగే దారులను పటంలో గుర్తించి, వాటికి భవనాలు అడ్డు రాకుండా చూస్తుంది. మనకు ఉత్తరాన శేషాచలం ఉంది. అక్కడి నుంచి గాలి ఏ వీధుల్లోకి, ఏ వేళల్లో వస్తుందో కొలిపించమని అడగడం మీ హక్కు. వాటిని ‘గాలిదారులు’ అనండి, అందరికీ తెలుస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను: “కొత్త లేఅవుట్లకు, ఎత్తయిన భవనాలకు అనుమతి ఇచ్చే ముందు నగర శీతోష్ణస్థితిని అధ్యయనం చేయించి, గాలిదారులను, చెరువులను, చెట్లున్న స్థలాలను ప్రణాళిక పటంలో గుర్తించి కాపాడవలసిందిగా కోరుతున్నాం.” ఒక ప్రతి తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు) కూడా ఇవ్వండి.